నాన్న డేరాలో కూర్చున్న ఆదివారం

పోయిన వారం మీరు నన్ను బ్యాండు గది వెనక సామాన్ల కొట్టులో వదిలి వెళ్ళారు. నెవిల్ ఓల్డ్‌రాయిడ్ ఎడమ చెయ్యి నా చేతుల్లో ఉంది. అపార్థం చేసుకోకండి, మా ఇద్దరికీ యాభై దాటాయి, ఆ వ్యవహారాలేం లేవు. ఆ చేతి చివరి రెండు వేళ్ళూ వాటంతట అవే లోపలికి ముడుచుకుపోతున్నాయి. నేను ఒక్కో వేలూ పట్టి తెరిచాను. వదలగానే మళ్ళీ ముడుచుకున్నాయి. డ్రమ్ము పుల్ల పట్టుకుంటే మరీ ఎక్కువట. ఏడాదిన్నరగా ఇదే వరస. "ఎవరికీ చెప్పకు ఏవ్రిల్. చెప్పావంటే నా పని అయిపోయినట్టే" అన్నాడు. చెప్పనని మాటిచ్చాను. అక్కడ ఆగాం.

ఇవాళే మొదలుపెట్టినవాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. మా హార్త్‌వెయిట్ గని మూతపడి మూడేళ్ళయింది గానీ గని బ్యాండు మాత్రం మూతపడలేదు. పాతిక మంది ఇత్తడి బాకాలు ఊదేవాళ్ళు, వాళ్ళ వెనక డ్రమ్ముల దగ్గర మేము. ఎవరికీ జీతాల్లేవు. లారీ తోలేవాడొకడు, ఉత్తరాలు పంచేవాడొకడు, బడి వంటగదిలో బంగాళాదుంపలు ఉడకేసే నేనొకదాన్ని. బ్యాండంటే మాకు పని అయ్యాక చేసే పని. దాని మీదే బతికినవాడు మా ఊరి మొత్తానికి నెవిల్ ఒక్కడే. పాతికేళ్ళుగా నార్వే, స్విట్జర్లాండ్, జపాన్, న్యూజిలాండ్, బ్రాస్ బ్యాండు ఎక్కడుంటే అక్కడివాళ్ళు టిక్కెట్టు పంపి మరీ పిలిపించుకున్నారు. పంతొమ్మిదేళ్ళ తర్వాత మా బ్యాండు లండన్లో ఆల్బర్ట్ హాలు ఫైనల్‌కి అర్హత సంపాదిస్తే, సెప్టెంబర్లో పెట్టె పట్టుకుని వచ్చి దిగాడు. ఊరి మీద మమకారమని అందరూ మురిసిపోయారు. మమకారం సంగతేమో గానీ, బయటి దేశంలో చెయ్యి జారితే నలుగురూ చూస్తారు, ఇక్కడైతే నా వెనక దాక్కోవచ్చు. ఆ ముక్క నాకొక్కదానికే తెలుసు.

ఇక ఆదివారం సంగతి.

పోటీలో న్యాయనిర్ణేతలు ఏ బ్యాండు వాయిస్తోందో చూడకూడదు. హాలు మధ్యలో గుడ్డ కట్టిన డేరాలో కూర్చుని చెవులతో మాత్రమే వింటారు. అందుకని పెద్ద పోటీకి రెండు వారాల ముందు మా బ్యాండు గదిలో కూడా ఒక డేరా వేస్తాం. క్లబ్బువాళ్ళ పాత కిటికీ తెరలు నాలుగు, బట్టలారేసుకునే కొయ్య చట్రాలు రెండు. లోపల ఒక కుర్చీ, ఒక బల్ల. అందులో కూర్చునేది మా నాన్న.

మా నాన్న విల్ఫ్రెడ్ హించ్‌క్లిఫ్‌కి ఎనభై ఒకటి. ఊళ్ళో అందరికీ విల్ఫ్ మాష్టారు. ముప్పై ఏళ్ళు బ్యాండు నడిపాడు, నలభై ఏళ్ళు బొగ్గు తవ్వాడు, ఊపిరితిత్తుల్లో సగం దుమ్మే. చెవులు మాత్రం పిల్లి చెవులు. బ్యాండు వాళ్ళెవరూ రాకముందే ఫ్లాస్కూ దగ్గు బిళ్ళలూ పట్టుకుని డేరాలో దూరతాడు. ఎవరు వచ్చారో, ఎవరు ఎక్కడ కూర్చున్నారో ఆయనకి తెలియకూడదు. అందుకని మేం గుసగుసలు కూడా ఆడం. లోపల్నుంచి విజిల్ ఊదితే మొదలుపెట్టాలి. అయ్యాక రాసిన కాగితం తెర కింద నుంచి బయటికి తోసి, పక్క తలుపులోంచి ఎవరి మొహం చూడకుండా ఇంటికి వెళ్ళిపోతాడు. మంగళవారం దాకా దాని గురించి నోరు విప్పడు. ఒకే ఇంట్లో ఉంటున్నాం, నాక్కూడా చెప్పడు.

ఇంకొక్కటి. మా నాన్న దృష్టిలో డ్రమ్ములు వాయిద్యాలు కావు, సామాను. ఆయన కుర్రతనంలో పోటీల్లో డ్రమ్ములు రానిచ్చేవాళ్ళు కాదు. ఊరేగింపుకైతే సరే, పోటీ రోజున మాత్రం అవి బస్సులోనే పడుండేవి. రూలు మారి పాతికేళ్ళయినా ఆయన మారలేదు. నేను ఇరవయ్యారేళ్ళుగా ఆ సామాను వాయిస్తున్నాను. బాగుందని గానీ బాగాలేదని గానీ ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

ఈ ఏడాది పోటీకి ఇచ్చిన కృతిలో మధ్యన నెమ్మదిగా సాగే భాగం ఒకటుంది. సొప్రానో కార్నెట్, అంటే బ్యాండులో అన్నిటికంటే సన్న గొంతు బాకా, ఒంటరిగా పాడుతుంటే అడుగున సైడ్ డ్రమ్ము రోల్ నడవాలి, రెండు పుల్లలతో విడివిడి దెబ్బలు వినబడకుండా ఒకటే జల్లులా. వినిపించీ వినిపించనట్టు మొదలై, నలభై సెకన్ల పాటు ఎక్కడా గతుకు లేకుండా పెరిగి, మళ్ళీ మాయమైపోవాలి. గట్టిగా వాయించడానికి కండ చాలు. మెల్లగా వాయించాలంటే రెండు చేతులూ ఒకే మనిషివి అయ్యుండాలి. నెవిల్ ఎడమ చెయ్యి ఇప్పుడు నెవిల్ది కాదు. అందుకని కొట్టులో మేమిద్దరం అనుకున్న ఏర్పాటేంటంటే, ఆ రోల్ నేను వాయిస్తాను, తను పక్కన టింపనీ అనే పెద్ద గిన్నె డ్రమ్ముల దగ్గరికి జరుగుతాడు. డ్రమ్ముల వాళ్ళం ఒకదాని దగ్గర్నుంచి ఇంకోదాని దగ్గరికి తిరుగుతూనే ఉంటాం కాబట్టి ఎవరికీ పట్టదు. ముందు వరసల వాళ్ళు వెనక్కి తిరగరు. మా ముందు గంగాళమంత కంచు పళ్ళెం చట్రానికి వేలాడుతుంటుంది, దాని వెనక ఎవరేం చేస్తున్నారో బ్యాండు నడిపే బ్రామల్‌కీ కనబడదు. పైగా అప్పుడు బ్రామల్ చూపంతా సొప్రానో మీదే.

ఆ పొద్దున గదిలో కొత్త మనిషి ఒకడున్నాడు. హాల్వర్ అని నార్వే బళ్ళో పంతులు, వాళ్ళ ఊరి బ్యాండుకి కార్యదర్శి. నెవిల్ని మూడేళ్ళకి తీసుకెళ్ళడానికి కాగితాలతో సహా వచ్చాడు. కచేరీల్లో ముందు నిలబడి వాయించాలి, పిల్లలకి డ్రమ్ము నేర్పాలి. విజిల్ కోసం ఎదురుచూస్తూ గుమ్మం బయట నిలబడ్డప్పుడు నాతో మాట కలిపాడు.

"మా బ్యాండు అంతా రెండేళ్ళ నుంచి ఇంటింటికీ తిరిగి టాయిలెట్ కాగితం అమ్ముతున్నామండీ" అన్నాడు, ఎంతో గౌరవంగా.

"ఏం కాగితం?"

"టాయిలెట్ కాగితమేనండీ. మా దగ్గర అన్ని బ్యాండులూ అదే అమ్ముతాయి. మా ఆవిడ ఆదివారాలు వాఫిల్స్ వేస్తుంది. ఓల్డ్‌రాయిడ్ గారు వస్తారని చెప్తే జనం రెండేసి కట్టలు కొన్నారు."

నవ్వాలో ఏడవాలో తెలీలేదు నాకు. ఒక ఊరు ఊరంతా నెవిల్ చేతుల కోసం దొడ్డి కాగితం అమ్ముకుంటోంది. అందులో ఒక చెయ్యి లేదని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

హాల్వర్ చిన్న టేప్ రికార్డరు తెచ్చి కార్నెట్ల పక్క కిటికీ గూట్లో పెట్టి అక్కడే కూర్చున్నాడు, అక్కణ్ణుంచి చూస్తే వేలాడే కంచు పళ్ళెమే తప్ప దాని వెనక మేం కనబడం. విజిల్ మోగింది. మొదలుపెట్టాం.

నెమ్మది భాగం వచ్చేసరికి నెవిల్ నా వైపు చూడకుండానే పక్కకి జరిగాడు. నేను సైడ్ డ్రమ్ము ముందుకొచ్చాను. డేరాలోంచి నాన్న దగ్గు వినిపించింది, అది ఆగేదాకా ఆగడానికి లేదు, మొదలెట్టేశాను. ఆ తర్వాత ఏం జరిగిందో నేను వివరంగా చెప్పలేను. కుర్చీల కిర్రుమనే చప్పుడు కూడా ఆగిపోయింది. సొప్రానో వాయించే డెస్మండ్ ఊపిరి తీసుకునే చోట నేనూ కొంచెం తగ్గాను, అతను పెంచితే పెంచాను. ఇరవయ్యారేళ్ళలో అంత బాగా ఎప్పుడూ వాయించలేదు. ఎవరూ చూడటం లేదన్న ధైర్యం వల్లేమో. అయ్యాక నెవిల్ గొంతు తగ్గించి "థాంక్స్" అన్నాడు. అతని కళ్ళలో మాత్రం థాంక్స్ లేదు, ఇంకేదో ఉంది.

మొత్తం అయ్యాక అరగంట కాచుకున్నాం. లోపల పెన్సిలు గీకుతున్న చప్పుడు. తర్వాత తెర కింద నుంచి కాగితాలు బయటికొచ్చాయి, పక్క తలుపు మూసుకుంది.

ఆ కాగితాలు అందరి ముందూ పైకి చదవడం మా ఆచారం. ఎవరి తిట్లు వాళ్ళు నిలబడి వినాలి. బ్రామల్ కళ్ళజోడు సర్దుకుని అందుకున్నాడు.

"'బేస్ వాద్యాలు. కడుపు నిండా తిని వచ్చారు, ఇంకా అరగలేదు. రెండో బారిటోన్. వచ్చాడా? వస్తే రేపట్నుంచి ఊదమనండి.'"

అందరూ నవ్వారు. రెండో బారిటోన్ బెర్నార్డ్ లేచి వంగి దణ్ణం పెట్టి కూర్చున్నాడు.

"'సొప్రానో. చివరి పై స్వరం దగ్గర భయపడ్డావు. భయపడితే పడు, నాకు వినిపించకు.'" తర్వాతి కాగితం తిప్పి బ్రామల్ ఆగిపోయాడు. గొంతు సవరించుకున్నాడు. "'సైడ్ డ్రమ్. ఈ కాగితాల మీద నేనెప్పుడూ మనిషి పేరు రాయలేదు. ఇవాళ రాస్తున్నాను. నెవిల్ ఓల్డ్‌రాయిడ్.'"

అందరి తలలూ వెనక్కి, నెవిల్ వైపు తిరిగాయి.

"'ఈ గదిలో యాభై ఏళ్ళు డ్రమ్ముల్ని సామాను అన్నాను. తప్పు అన్నాను. కార్నెట్ ఊపిరి పీలిస్తే ఇవాళ ఆ డ్రమ్మూ పీల్చింది. నా దగ్గు ఆగేసరికే అది గదంతా పరుచుకుని ఉంది, ఎప్పుడు వచ్చిందో తెలీలేదు. ఇది నేను నేర్పింది కాదు. లోకం తిరిగి తెచ్చుకున్నట్టున్నాడు. లండన్లో ఇతన్ని వెనక దాచకండి. డ్రమ్ము ముందుకి తెచ్చి సొప్రానో పక్కన పెట్టండి. జనం వినడమే కాదు, చూడాలి.'"

ముందెవరు మొదలెట్టారో గానీ అందరూ కాళ్ళతో నేల తట్టడం మొదలుపెట్టారు. వాయిద్యం చేతుల్లో ఉన్నప్పుడు మాకు చప్పట్లంటే అదే. నేనూ తట్టాను. తట్టకపోతే అనుమానం వస్తుంది కదా. అది నా రోల్. మా నాన్న నన్ను మెచ్చుకున్నాడు. పుట్టి బుద్ధెరిగి మొదటిసారి మెచ్చుకున్నాడు, వేరేవాడి పేరు పెట్టి.

"మాష్టారు చెప్పాక తిరుగేముంది" అన్నాడు బ్రామల్. "మంగళవారం నుంచే నెవిల్ని ముందు కూర్చోబెట్టి సాధన చేద్దాం."

హాల్వర్ లేచి వెళ్ళి నెవిల్ కుడి చెయ్యి పట్టుకుని ఊపేస్తున్నాడు. నెవిల్ ఎడమ చెయ్యి కోటు జేబులో ఉంది.

* * *

సైకిళ్ళు పెట్టుకునే రేకుల పంచ కింద పట్టుకున్నాను అతన్ని.

"నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"ఏం చెప్పాలి?" అన్నాడు.

"నా దగ్గర వెధవ్వేషాలు వెయ్యకు నెవిల్. మంగళవారం నిన్ను ముందు కూర్చోబెడతారు. అప్పుడు నేను నీ కోటులో దూరి వాయించనా?"

"మంగళవారానికి మాడ్రిడ్ నుంచో మాంచెస్టర్ నుంచో ఏదో పిలుపొచ్చిందంటాను. జ్వరమంటాను. ఈ రెండు రోజులు గడవనీ. హాల్వర్ కాగితం మీద సంతకం అయిపోనీ."

"అయ్యాక?"

"అయ్యాక అక్కడికి వెళ్ళి మెల్లగా చెప్తాను. నేర్పడానికి చెయ్యెందుకు ఏవ్రిల్? నోరు చాలు. ముప్పై ఏళ్ళ అనుభవం నా తలకాయలో ఉంది, వేళ్ళలో కాదు."

"నిజమే. అయితే ఆ ముక్కే ఇవాళ చెప్పు అతనికి."

"ఇవాళ చెప్తే తీసుకోడు."

"అదీ. నీకే తెలుసు."

అతను రేకుకి ఆనుకున్నాడు. మొహం మీద ఒక్కసారిగా పదేళ్ళు వచ్చి పడ్డాయి.

"నాకింకేం చేతనవును, నువ్వే చెప్పు" అన్నాడు. "గనిలో దిగుదామన్నా గని లేదు. ఇల్లు లేదు, పెళ్ళాం లేదు, సూట్‌కేసులే నా ఇల్లు. స్విట్జర్లాండ్ వాళ్ళు పోయిన ఏడాది పిలవలేదు. జపాన్ వాళ్ళకి నేనే రానన్నాను, చెయ్యి చూస్తారని. ఈ నార్వే ఒక్కటే మిగిలింది."

"మా బడి వంటగదిలో బంగాళాదుంపలు తొక్క తీసే పని ఉంది. కాకపోతే దానికి రెండు చేతులూ కావాలి."

అన్నాక నాలుక కరుచుకున్నాను. అంత మాట అనాల్సింది కాదు. అతను కోపం తెచ్చుకోలేదు, అదే నాకు ఇంకా బాధ.

"పొద్దున్నుంచీ మనసులో ఉన్నది అనేశావు. సరే" అన్నాడు.

"నా మనసులో ఉన్నది అది కాదు. ఆ కాగితంలో ఉన్నది నా పని. నాన్న నోటి నుంచి ఆ మాట వినాలని నేను ఎన్నేళ్ళు కాచుకున్నానో నీకు తెలీదు."

"నాకు తెలీకపోవడమేంటి?" అన్నాడు. "పద్నాలుగేళ్ళప్పుడు మీ నాన్న నా చేతిలో పుల్లలు లాక్కుని, మనిషివైతే కార్నెట్ పట్టుకో అన్నాడు. ఒసాకాలో మూడు వేల మంది లేచి నిలబడ్డ రోజున కూడా, విల్ఫ్ మాష్టారు ఉంటే ఏమనేవాడా అనుకున్నాను. బ్రామల్ చదువుతుంటే నాకు తెలుసు అది నాది కాదని. అయినా వింటుంటే బాగుంది. ఒక్క నిమిషం నాదే అనిపించింది. ఆ ఒక్క నిమిషం నాకు వదిలెయ్యలేవా?"

వదిలెయ్యగలనని అనిపించింది, వదలకూడదనీ అనిపించింది. ఇలాంటప్పుడు నా నోరు పెగలదు, మామూలప్పుడు ఆగదు.

"ఇంకోటి" అన్నాడు వెళ్ళబోతూ. "నాలుగింటికి హాల్వర్ని మీ ఇంటికి తీసుకొస్తున్నాను. ఒప్పందం మీద సాక్షి సంతకం మాష్టారు పెడితే బాగుంటుందన్నాడు. వాళ్ళ ఊళ్ళో చూపించుకుంటాడట."

"మా నాన్న చేత?"

"వద్దంటే ఎందుకని అడుగుతాడు. నువ్వు చెప్పు, ఏమనను?"

* * *

నాలుగింటికి బల్ల సర్దాను. హామ్ ముక్కలు, వెనిగర్లో ఊరిన ఉల్లిపాయలు, రొట్టె, అల్లం కేకు, డబ్బా పీచెస్. చేతులు పని చేస్తున్నాయి గానీ మనసు అక్కడ లేదు. నాన్న పొయ్యి పక్క కుర్చీలో కూర్చుని మంటలోకి చూస్తున్నాడు. మంగళవారం దాకా నోరు విప్పని మనిషి, ఆవేళ తనే కదిపాడు.

"కాగితం చదివారా?"

"చదివారు నాన్నా."

"ఏమన్నారు?"

"నేల తట్టారు."

తల ఊపాడు. చాలాసేపు దగ్గి, నీళ్ళు తాగి, గ్లాసు నాకిచ్చాడు.

"నువ్వు వాడి పక్కనే నిలబడతావు కదమ్మాయ్. ఊరికే నిలబడకు. ఆ చేతులు చూడు, ఎలా పడుతున్నాయో గమనించు. నీకూ వస్తుంది, ఇంకా మించిపోలేదు."

గ్లాసు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి నిలబడ్డాను. ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. ఎవరి మీదో కూడా తేల్చుకోలేకపోయాను. ముసలాయన మీదా, నెవిల్ మీదా, మాటిచ్చిన నా మీదా? "సరే నాన్నా" అని అక్కడ్నుంచే అన్నాను.

వాళ్ళొచ్చారు. హాల్వర్ నాన్నకి ఎండు చేప పొట్లం తెచ్చాడు. నాన్న వాసన చూసి, "పిల్లికి పెట్టొచ్చా?" అని అడిగితే హాల్వర్ నిజంగానే ఆలోచించి, "మనుషులకే మంచిదండీ" అన్నాడు. నెవిల్ గట్టిగా నవ్వాడు, అవసరమైనదానికంటే గట్టిగా.

తిన్నాక హాల్వర్ రెండు కాగితాలు బల్ల మీద పరిచాడు. మూడేళ్ళ ఒప్పందం, రెండు ప్రతులు. నెవిల్ ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కుడి చేత్తో రెండింటి మీదా సంతకం చేశాడు. హాల్వర్ చేశాడు. కింద మూడో గీత ఖాళీగా ఉంది.

"ముందు ఇది వినండి మాష్టారూ" అని హాల్వర్ జేబులోంచి టేప్ రికార్డరు తీశాడు. "పొద్దున్నది. మా వాళ్ళకి వినిపిస్తాను. ఇదుంటే చాలు, ఇంక నేను ఒక్క మాట చెప్పక్కర్లేదు."

నెవిల్ పీచెస్ గిన్నెలోకి చూస్తున్నాడు.

డెస్మండ్ సొప్రానో వచ్చింది. దాని కింద నా రోల్. చిన్న డబ్బాలోంచి వింటున్నా బాగుంది. నాన్న కళ్ళు మూసుకున్నాడు. అయిపోయింది.

"మళ్ళీ పెట్టు."

హాల్వర్ సంతోషంగా వెనక్కి తిప్పాడు. ఈసారి నాన్న కుర్చీ ముందుకి లాక్కుని చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"మీ దగ్గు కూడా పడిందండీ, క్షమించాలి" అన్నాడు హాల్వర్.

"ఆ దగ్గుకే నేను డేరాలో మొదలు వినలేకపోయాను. మళ్ళీ పెట్టు."

మూడోసారి దగ్గు అయిన వెంటనే నాన్న చెయ్యెత్తాడు. హాల్వర్ ఆపాడు. మళ్ళీ ఆ ఒక్క చోటే, రెండు సెకన్లు. మళ్ళీ.

"ఆ సైడ్ డ్రమ్ము నేను కొన్నదే" అన్నాడు నాన్న, ఎవరితోనూ అన్నట్టు కాకుండా. "ఎడమ పక్క బిగించే మర ఒకటి అరిగిపోయింది. అటువైపు తోలు కొంచెం వదులు, దెబ్బ పడితే కాస్త బొంగురు."

"మార్పించాలి మాష్టారూ, బ్రామల్‌కి చెప్పాను" అన్నాడు నెవిల్.

హాల్వర్ తన కలం మూత తీసి నాన్న చేతికిచ్చి, ఖాళీ గీత మీద వేలు పెట్టి చూపించాడు. నాన్న కలం పట్టుకున్నాడు, కాగితం మీద పెట్టలేదు.

"నెవిల్, ఆ రోల్ ఏ చేత్తో మొదలుపెట్టావురా?"

"రోల్‌కి మొదటి దెబ్బేంటి మాష్టారూ, అది వినబడకుండా చెయ్యడానికే కదా మా పాట్లన్నీ."

"నాకు వినబడింది. ఏ చెయ్యి?"

నెవిల్ లెక్క వేసుకోవడం నాకు కనబడుతూనే ఉంది. ఎడమ అంటే నాన్న చూపించమంటాడు. అది చూపించలేడు.

"కుడి" అన్నాడు. "ఎప్పుడూ కుడే. చిన్నప్పుడు మీరు పుల్లలు లాక్కున్నప్పుడూ కుడే."

నాన్న తల ఊపాడు. హాల్వర్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, నెవిల్ మొహమూ నా మొహమూ మార్చి మార్చి చూస్తున్నాడు. టేపులో ఆ మొదటి దెబ్బ బొంగురుగానే పడిందని అప్పుడర్థమైంది. నాకు ఎడమ చేతివాటం. బళ్ళో బెత్తంతో కొట్టినా పోలేదు, రాసేది, రొట్టె కోసేది, పుల్ల ముందు వేసేది ఎడమ చేత్తోనే. గిన్నెలు ఎత్తుతూ అందుకున్న హామ్ కత్తి ఇంకా ఆ చేతిలోనే ఉంది. దాన్ని బల్ల మీద పెట్టేద్దామనుకున్నాను, చప్పుడవుతుందని పెట్టలేదు.

నాన్న కుర్చీలో మెల్లగా మొత్తం నా వైపు తిరిగాడు. కలం ఆయన చేతిలోనే ఉంది.

"మరి నువ్వు ఏ చేత్తో మొదలుపెట్టావమ్మాయ్?"